మా పెద్దనాయన ముడివేసిన దుప్పట్లు

నవంబరు ఇరవైనాలుగో తేదీ, సోమవారం. ఆ రోజు నేను చూసిన మొదటి వింత ఇది: ఎమ్మిగనూరు నుంచి వచ్చే తొలి బస్సులోంచి మా పెద్దనాయన సంచి దిగింది, పెద్దనాయన దిగలేదు.

సంచి కండక్టరు చేతిలో ఉంది. నీలం గళ్ళ గుడ్డ ఆయనే నేసి, ఆయనే కుట్టుకున్న సంచి. దాన్ని ఆయన భుజం మీద తప్ప ఇంకొకరి చేతిలో నేనెప్పుడూ చూడలేదు. నెలకు ఒక సోమవారం ఆయన ఆదోనిలో ఆ బస్సు దిగి, నాతో నాలుగు మాటలు మాట్లాడి, రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళేవాడు. అక్కడ బండెక్కి, రైలు దారిలో ఉన్న పెద్ద జైలుకు పోయేవాడు. ఆ నాలుగు మాటల కోసం నేను బడికి వెళ్ళే దారిలో బస్సుల దగ్గర నిలబడేదాన్ని. ఆ రోజూ నిలబడ్డాను.

"పాపా, నువ్వే కదా పెద్దాయన తమ్ముని కూతురు?" అన్నాడు కండక్టరు.

ఔనన్నాను.

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పెద్దాయన తెల్లారక ముందే పోయినాడమ్మా. మీ పెద్దమ్మ ఈ సంచి నీకు అందియ్యమనింది. ఈ పొద్దు ఆయన జైలుకు పోవాల్సిన దినమంట కదా. పోలేదని ఎవురికన్నా తెలియాల అనింది."

అదే బస్సు తిరిగి ఎమ్మిగనూరు పోయేటప్పుడు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడవాలో వద్దో తెలియక సంచి విప్పి చూశాను. గవర్నమెంటు వారి ఉత్తర్వు కాగితం, మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డముక్క అతికించి ఉంది. పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం. గుడ్డపేలికకు గుచ్చిన సూది. ఎర్ర నూలు చుట్టిన పుల్ల. కాగితంలో కట్టిన వేరుశనక్కాయలు, బెల్లం ముక్క. ఇంటి నుంచి మనిషి బయలుదేరడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

మా బడి పత్రిక చదివే మీలో చాలామందికి జైలు విజిటరంటే ఎవరో తెలియకపోవచ్చు. మూడేళ్ళ కింద నాకూ తెలియదు. జైలుకు సూపరింటెండెంటు ఉంటాడు, జైలరు ఉంటాడు, వార్డర్లు ఉంటారు. వీళ్ళెవరితోనూ సంబంధం లేని మనుషుల్ని కొందర్ని బయటి నుంచి గవర్నమెంటు పెడుతుంది. వాళ్ళు ఎప్పుడైనా జైలుకు పోవచ్చు. ఖైదీలు ఏం తింటున్నారో, ఎక్కడ పడుకుంటున్నారో, రోగమొస్తే మందు దొరుకుతోందో లేదో చూసి పై ఆఫీసుకు రాయవచ్చు. జీతం లేదు. ఆ విజిటర్ల పట్టికలో సాధారణంగా వకీళ్ళు, మిల్లు సావుకార్లు ఉంటారు. నేతగాళ్ళ తరఫున ఒకరుండాలని ఎవరో అంటే మా పెద్దనాయన పేరు వెళ్ళింది. ఆయన చదివింది మూడో తరగతి.

ఉత్తర్వు వచ్చిన రోజు మా వీధి మగ్గాల వాళ్ళంతా నవ్వారట. "ఏమన్నా, దొంగలకు చీరలు నేస్తావా?" అన్నాడట ఒకాయన. "నేయను గానీ, వాళ్ళు కప్పుకొన్నది ఏందో సూసొస్తా" అన్నాడట పెద్దనాయన.

ఆయనకు ఆ జైలు కొత్త కాదు. స్వాతంత్ర్యం రాకముందు ఆ గోడల లోపలే ఒక ఏడాది ఉన్నాడు. ఆ సంగతి ఊరేగింపుల్లో చెప్పుకునేవాడు కాదు. నేను అడిగితే మాత్రం ఒక్కటి చెప్పాడు: "అప్పుడూ ఒక విజిటరు ఉండె పాపా. మేం ఆయప్పను సూడనే లేదు. తలుపు కింద సందులోంచి ఆయప్ప బూట్లు కనపడె. మంచి బూట్లు. మా గది ముందర రొంతసేపు నిలబడినాయి, మళ్ళా పోయినాయి. ఆ బూట్లు మాతో ఏమన్నా మాట్లాడుతాయేమో అని ఎదురుసూస్తిమి."

అందుకేనేమో, ఆయన జైల్లో ప్రతి గదిలోకీ పోయి కింద కూర్చునేవాడు. వార్డరు కుర్చీ తెస్తే వద్దనేవాడు. "నిలబడి సూస్తే గోడలు కనపడతాయి. కూర్సొని సూస్తే గచ్చు తడి కనపడతాది" అనేవాడు.

ఆఫీసులో ఆయన పోగానే కాఫీ ఇచ్చేవారు. "లోపలికి పోయొచ్చి తాగుతా" అనేవాడు. వచ్చాక "సల్లారిపోయింది లే నాయనా" అని ఊరుకునేవాడు. ఆ కాఫీ ఒకే ఒక్కసారి తాగాడు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఖైదీని "బాగున్నావా?" అని ఎప్పుడూ అడగలేదు. పక్కన వార్డరు నిలబడి ఉంటే ఎవడైనా బాగున్నాననే అంటాడు కదా. ఆయన అడిగేది ఒక్కటే: "నిన్న ఏం కూర?" ఖైదీని ఒకచోట, వంటవాణ్ణి ఒకచోట, వార్డర్ని ఒకచోట అడిగేవాడు. ముగ్గురూ ఒకే కూర చెబితే సంతోషం. ఒకసారి ఖైదీ ఉత్త చారన్నాడు, వంటవాడు గుమ్మడికాయ అన్నాడు, వార్డరు కాసేపు ఆలోచించి "కూరగాయల కూర" అన్నాడు. ఆ సాయంత్రం అది నాకు చెప్పి పెద్దనాయన కళ్ళనీళ్ళొచ్చేట్లు నవ్వాడు. నవ్వి, "మూడూ రాయి పాపా. పక్కపక్కనే రాయి. మనం ఏమీ అనొద్దు" అన్నాడు.

రాసేది నేను. నా వంతు అక్కడ మొదలవుతుంది. ఆయన చేయి మగ్గం మీద ఎంత సులువుగా ఆడేదో, కలం మీద అంత కష్టపడేది. జైలులోని విజిటర్ల పుస్తకంలో "చూచినాను, వివరము వేరుగా పంపెదను" అని ఒక్క వరుస రాసి సంతకం పెట్టేవాడు. సాయంత్రం బండికి ఆదోని తిరిగి వచ్చి, మా మేనమామ ఇంటి అరుగు మీద కూర్చుని చూసింది చెప్పేవాడు. నేను ఆ ఇంట్లో ఉండి ఆడపిల్లల హైస్కూలులో చదువుకుంటున్నాను. ఆయన చెబితే నేను రాసి, మర్నాడు పోస్టులో వేసేదాన్ని.

ఆ జైలు గోడ లోపల ఇంకొక గోడ ఉంది. దానికి వేరే గేటు, వేరే తాళం, వేరే కాపలా. తప్పించుకుపోవాలని చూసినవాళ్ళను, పెద్ద నేరాలవాళ్ళను అందులో పెడతారు. పన్నెండు గదులు. పెద్దనాయన దాన్ని "లోపలి గోడ" అనేవాడు. వకీళ్ళైనా సావుకార్లైనా ఆ రెండో గేటు దాటి పోయిన విజిటరు ఎవరూ లేరట. ఈయన ప్రతి నెలా మొదట అక్కడికే పోయేవాడు.

అక్కడ మూడో గదిలో ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన గురించి పెద్దనాయన ఎక్కువ చెప్పేవాడు. ఒకనాడు నేను అడిగాను: "ఆయన ఏం చేసి వచ్చినాడు పెద్దనాయనా?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"దానికి కోర్టు ఉండాది, జడ్జి ఉండాడు. ఆ పని వాళ్ళు సేసేసినారు. ఆయప్పకు సలి పెడతాందా లేదా, అది నా పని."

మొదటి చలికాలంలో ఆయన ఆ పన్నెండు గదుల్లో దుప్పట్లు చూశాడు. ప్రతి గచ్చు తిన్నె మీదా రెండేసి మందపు దుప్పట్లు, అంచుకు అంచు సరిగా మడిచి పెట్టి ఉన్నాయి. చూసేవాళ్ళు ఎవరైనా మెచ్చుకుని వెళ్ళేవాళ్ళే. ఈయన ఒక దుప్పటి విప్పి, మడత మీద బొటనవేలితో రుద్దాడు. గంజి ఇంకా కరకరలాడుతోంది. నేతగాడికి అంతకంటే ఏం కావాలి? ఒక్క రాత్రి మనిషి కప్పుకుంటే గంజి మడత నిలవదు, ఒంటి వేడికి మెత్తబడిపోతుంది. అంటే ఆ దుప్పట్లు ఆ పొద్దున్నే స్టోరు నుంచి వచ్చాయి. ఈయన వెళ్ళగానే స్టోరుకు పోతాయి. విజిటరు ఏ సోమవారం వస్తాడో వాళ్ళకు ముందే తెలుసు కదా.

ఆ సాయంత్రం అరుగు మీద ఆయన నాకు చెప్పింది ఇంతే: పన్నెండు గదుల్లో ఇరవైనాలుగు దుప్పట్లు. ఒక్కదానికీ గంజి మడత చెడలేదు. ఎవరూ కప్పుకోలేదు. మూడో గది ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

నాకు అప్పుడు పదిహేనేళ్ళు. అప్పుడప్పుడే మాటల మీద మోజు పుట్టింది. పాఠాల్లో కనబడిన పెద్ద మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ఎక్కడ వాడదామా అని చూసేదాన్ని. ఇంతకంటే మంచి అదను ఏముంటుంది? పెద్దనాయన చెప్పిన నాలుగు ముక్కలూ నాకు మరీ బీదగా కనిపించాయి. ఆయన బస్సెక్కి వెళ్ళాక కాగితం చింపి కొత్తగా రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వస్తుంది, సిగ్గుతో వస్తుంది: "శీతబాధాపీడితులై, గజగజ వణకుచు, హాహాకారములు సల్పుచున్న ఆ అభాగ్యుల రోదనధ్వని మిన్ను ముట్టుచున్నది." గంజి సంగతి వదిలేశాను. గంజి అనే మాట అందులో ఎక్కడ పెట్టినా అందం చెడింది.

ఆరు వారాలకు పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని పెద్దనాయనకు అర్థం చెప్పాను. విజిటరు రాసిన మేరకు విచారణ జరిపాము; సదరు వార్డులో ఏడుపులు గానీ అరుపులు గానీ వినబడలేదని కాపలావాళ్ళంతా వాంగ్మూలం ఇచ్చారు; కాబట్టి ఇక చేయవలసింది ఏమీ లేదు.

పెద్దనాయన రెండోసారి చదవమన్నాడు. చదివాను. తర్వాత నేను పంపిన కాగితం నకలు చదవమన్నాడు. అదీ చదివాను.

"అరుపులు ఇనబడలేదంట" అన్నాడు. "నిజమే కదప్పా. నేనూ ఇనలేదే. నువ్వు యాడ ఇన్నావు?"

నేను ఆ నకలును నాలుగు మడతలు పెట్టాను.

"వాళ్ళు అరిసే మనుషులు కాదు పాపా. అరిస్తే ఒంట్లో ఉండే ఏడి కూడా పోతాదని నోరు మూసుకొని, మోకాళ్ళు కరుసుకొని కూర్సుంటారు. ఆ మాట రాసి ఉంటే ఎవురూ కాదనలేకపోతుండ్రి."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చలికాలమంతా ఆ పన్నెండు మందీ దుప్పటి లేకుండానే గడిపారు. మరుసటి నెల మూడో గది ముసలాయన అడిగాడట: "రాసినావంట కదా సామీ, ఏమన్నారు?" దానికి ఏం జవాబు చెప్పాడో పెద్దనాయన నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నా నోటుబుక్కులోని మాటలు ఆ కొన్ని వారాలు తెరిచి చూడాలంటే భయమేసింది. నేను మాటలు వదిలేస్తానేమో అని ఆయనకు అనుమానం వచ్చినట్టుంది. ఆ నెల నుంచి జైలు నుంచి నాకొక మాట తెచ్చి ఇచ్చేవాడు, చంటిపిల్లకు మిఠాయి తెచ్చినట్టు. "ములాఖత్ అంటారు, ఇంటోళ్ళు సూసేదానికి వస్తే. గిన్తీ అంటారు, మనుషుల్ని లెక్కబెట్టేదాన్ని. రాసుకో. మాటలు తప్పు కాదు పాపా. సూసింది సూసినానని రాయి. ఇనింది ఇన్నానని రాయి. అనుకొన్నది మాత్రం రాయాకు." ఆ మూడు వాక్యాలు నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. మా తెలుగు అయ్యవారు చెప్పిన వ్యాకరణమంతా కలిపినా నాకు అంత పనికిరాలేదు.

తర్వాతి చలికాలం వచ్చింది. పెద్దనాయన సంచిలో సూది, ఎర్ర నూలు పెట్టుకుని పోయాడు. తెలిసిన సోమవారమే పోయాడు. దుప్పట్లు మళ్ళీ మడతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. ఈయన ప్రతి గదిలోనూ కింద కూర్చుని, ఒక్కో దుప్పటి అంచు చేతిలోకి తీసుకుని, మూలన ఎర్ర పోగుతో ఒక ముడి వేసుకుంటూ పోయాడు. మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు నేతగాళ్ళు వేసే చిన్న ముడి. బియ్యపు గింజంత కూడా ఉండదు. తెలిసినవాడు వెతికితే తప్ప కనబడదు.

స్టోరు గుమాస్తా వెంటే ఉన్నాడట. "ఏం పెద్దాయనా, మా దుప్పట్లు రిపేరి చేస్తాండావా?" అన్నాడట.

"అంచు లేస్తాంది నాయనా, సూడు. కూలీ ఏమీ అడగను లే."

"ఇంటికాడ మగ్గం సాలదా నీకు?"

"ఏం సేద్దునప్పా, నూలు కనపడితే సేతులు ఊరికే ఉండవు."

గుమాస్తా నవ్వి, చివరి నాలుగు దుప్పట్లకు తానే సూదికి దారం ఎక్కించి ఇచ్చాడట. ఇది చెప్పినప్పుడు పెద్దనాయన మొహంలో చిన్నపిల్లవాడి కొంటెతనం చూశాను.

పది రోజుల తర్వాత, ఎవరికీ చెప్పకుండా, ఒక గురువారం పోయాడు. విజిటరు ఏ రోజైనా రావచ్చని ఆయన దగ్గరున్న ఉత్తర్వులో ఉంది. దాన్ని ఆయన చిరగకుండా గుడ్డ అతికించి దాచుకున్నది అందుకే. లోపలి గోడ దాటి పన్నెండు గదులూ చూశాడు. తర్వాత స్టోరు తెరిపించాడు. ఆ సాయంత్రం ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. అది మూడు వరుసలు:

"పది దినాల కిందట సోమవారం లోపలి వార్డులో ఇరవైనాలుగు దుప్పట్లకు నేను ఎర్ర పోగుతో ముడి వేసినాను. ఈ దినం ఆ పన్నెండు గదుల్లో దుప్పట్లు లేవు. ముడి ఉన్న దుప్పట్లు ఇరవైనాలుగూ స్టోరులో ఉన్నాయి, లెక్కపెట్టినాను."

రాసి కలం కింద పెట్టి "ఇంతేనా పెద్దనాయనా?" అన్నాను.

"ఇంకేం ఉండాది?" అన్నాడాయన.

ఈసారి జవాబు రాలేదు. పై ఆఫీసు నుంచి మనిషే వచ్చాడు. సంక్రాంతి లోపల ఆ దుప్పట్లు గదుల్లోకి వచ్చాయి. ప్రతి తలుపు మీదా ఒక అట్టముక్క కట్టారు: దుప్పట్లు రెండు, చాప ఒకటి, చెంబు ఒకటి. తర్వాతి సోమవారం పెద్దనాయన ఒక దుప్పటి మడత బొటనవేలితో రుద్దాడు. మెత్తగా ఉంది. కొంచెం మాసి, కొంచెం మనిషి వాసన వేసింది. ఆ వాసన గురించి ఆయన నాకు చెప్పిన తీరు, మల్లెపూల గురించి చెప్పినట్టు ఉంది. మూడో గది ముసలాయన తన దుప్పటి మూల పట్టుకుని ముడి ఉన్నచోట వేలు పెట్టి చూపించాడట. ఆ రోజు పెద్దనాయన ఆఫీసుకు తిరిగి వచ్చి కాఫీ తాగాడు. "ఎట్లుండె కాఫీ?" అని అడిగాను. "సల్లగుండె" అన్నాడు.

ఆయన ఖైదీల పక్షం, మా పక్షం కాదు అని వార్డర్లు మొదట్లో అనుకునేవారు. ఒక నెల నివేదికలో ఆయన రెండో గేటు దగ్గర కాపలా ఉండే మనిషి పన్నెండు గంటలు నిలబడే ఉంటున్నాడని, ఒక ముక్కాలిపీట ఇప్పించమని రాయించాడు. దుప్పట్ల కంటే ముందు ఆ పీటే వచ్చింది. అప్పటి నుంచి ఆ గేటు ఆయనకు తొందరగా తెరుచుకునేది.

ఆయన్ను నేను చివరిసారి చూసింది అక్టోబరులో. అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ అన్నాడు: "ఎండాకాలం దుప్పట్లన్నీ ఉతకాలని స్టోరుకు తీసుకొన్నారు. స్టోరుకు కొత్త గుమాస్తా వచ్చినాడు. వచ్చే నెలకు సలి ముదురుతాది. మళ్ళా గదుల్లోకి వచ్చినాయా లేదా సూడల్ల." ఆ "వచ్చే నెల" సోమవారమే ఆయన సంచి ఒంటరిగా బస్సు దిగింది.

ఎమ్మిగనూరులో ఆ రోజు మా వీధిలో ఒక్క మగ్గమూ ఆడలేదు. అందరూ మట్టికి పోయి, ఆయన్ను పూడ్చి వచ్చాక పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను సంచి ఆమె ముందు పెట్టి, మగ్గం మీద ఆగిపోయిన చీర వైపు చూస్తూ ఉండిపోయాను.

"దాన్నేం సూస్తావు? మీ నాయన నేస్తాడు లే" అంది పెద్దమ్మ. "జైలుకు ఎవురు పోతారు?"

నేను మగ్గం వైపు నుంచి ఆమె వైపు తిరిగాను. ఆమే అంది: "పట్టికలో ఇంకొకాయన ఉండాడని సెప్పేవాడు. ఆదోనిలో పత్తి మిల్లు సావుకారు. ఆఫీసులో కాఫీ తాగి వచ్చేస్తాడంట. ఆయప్పనే అడుగు."

"నేనా? ఆయన నాతో మాట్లాడతాడా పెద్దమ్మా?"

"మీ పెద్దనాయన మూడో తరగతి సదివినాడు. నువ్వు ఎన్నో తరగతి?"

లేచి పెట్టె తెరిచి రెండు దుప్పట్లు తెచ్చింది. ఒకటి ఇంకా గంజి మడతలోనే ఉన్న కొత్తది. ఇంకొకటి పెద్దనాయన కప్పుకున్నది. ఎందుకని అడిగితే, "ఆయప్ప పత్తి మనిషి. సెప్తే ఇనడు, సేతికియ్యి" అంది.

నేనుండే ఇంటి మేనమామ ఆ సావుకారు మిల్లులోనే గుమాస్తా. విషయం చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది. "ఏమే, నా పని పీకిస్తావా? సావుకారును జైలుకు పొమ్మని సెప్పేది ఎట్లే?" అన్నాడు. అన్నా కూడా ఆదివారం పొద్దున కొత్త పంచె కట్టుకుని నా వెంట వచ్చాడు. దారి పొడవునా "నువ్వే మాట్లాడల్ల, నేను పక్కన నిలబడతా, అంతే" అంటూ వచ్చాడు.

సావుకారు పరుపు మీద కూర్చుని పత్తి నమూనాలు చూస్తున్నాడు. చిటికెడు పత్తి తీసుకుని, రెండు చేతుల వేళ్ళ మధ్య లాగి, పోగు పొడవు చూసి, పక్కన పెట్టేవాడు. నేను చెప్పిందంతా విన్నాడు. పెద్దనాయన పోయాడని విని "మంచోడు పాపం" అన్నాడు. తర్వాత అన్నాడు: "నాకు వయసైంది పాపా. ఆ లోపలి గోడ కాడికి నేనెప్పుడూ పోలేదు. పోయినా నాకేం తెలుస్తాది? వాళ్ళు సూపించిందే నేను సూస్తా. మీ పెద్దనాయన నేతగాడు, ఆయనకు తెలిసె."

"కండ్లు మూసుకోండి సావుకారూ" అన్నాను. మామ నా వెనక దగ్గాడు.

సావుకారు ఆశ్చర్యంగా చూసి, నవ్వి, కళ్ళు మూసుకున్నాడు. రెండు దుప్పట్లూ ఆయన చేతుల కింద పెట్టాను. "మడత మీద వేలు పెట్టి చూడండి. దేన్ని మనిషి కప్పుకున్నాడు?"

ఆయన వేళ్ళు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఇదిగో, ఇది. దీంట్లో పడుకొన్నారు. అది పెట్టెలోది, గంజి అట్లే ఉండాది. ఇది సిన్నపిల్లోడు కూడా సెప్తాడే" అన్నాడు.

"జైల్లో తెలుసుకోవాల్సింది కూడా ఇంతే సావుకారూ."

ఆయన కళ్ళు తెరిచాడు. పెద్దనాయన దుప్పటి మీద నుంచి చెయ్యి వెంటనే తీయలేదు. "ఇది ఎవురిది?" అన్నాడు. చెప్పాను. దుప్పటి మడత సరిచేసి పక్కన పెట్టాడు. తర్వాత మా మామ వైపు తిరిగి, "ఏమప్పా గుమాస్తా, నీ మేనకోడలు నాకు కొత్త ఉద్యోగం ఇస్తాందే" అన్నాడు. మామకు అప్పటికి ఊపిరి వచ్చింది.

"సోమవారం పోవల్లంటావా?"

"సోమవారమని వాళ్ళకు తెలుసు సావుకారూ."

"అయితే మంగళవారం పోతా" అన్నాడు. "ఆ ఉత్తర్వు కాగితం నాక్కూడా ఉండాది. యాడ పెట్టినానో ఎతకల్ల."

వెతికాడు, దొరికింది. నిన్న సాయంత్రమే మామ చేత కబురు పంపాడు. ఒక సందేహం కూడా అడిగి పంపాడు: లోపల ఖైదీలను మొదట ఏమని పలకరించాలి? "నిన్న ఏం కూర అని అడగమను మామా, ముగ్గురిని వేరువేరుగా" అన్నాను.

ఇవాళ సోమవారం. బడి నుంచి వచ్చి ఇది రాస్తున్నాను. పెద్దనాయన చేతుల గురించి ఇంకా రాయాలని ఉంది. ఆయన నవ్వు గురించి, నన్ను బస్సు దగ్గర చూడగానే సంచిలో చెయ్యి పెట్టి వేరుశనక్కాయలు తీసే తీరు గురించి. రాయబోతే నోటుబుక్కులోంచి పెద్ద మాటలు తోసుకు వస్తున్నాయి. ఆయన పక్కన కూర్చుని "నువ్వు యాడ సూసినావు?" అంటున్నట్టు ఉంది. అందుకని చూసినవే రాశాను.

రేపు పొద్దున తొలి బండికి సావుకారు వెళతాడు. గంట ముందే స్టేషనుకు పోయి నిలబడతాను. ఆలస్యంగా వస్తానని బడిలో చెప్పి ఒప్పించుకున్నాను. నీలం గళ్ళ సంచిలో కొత్త వేరుశనక్కాయలు కట్టి పెట్టాను. సావుకారు కంటికి సూది బెజ్జం ఆనదట, అందుకని ఎర్ర పోగు ఇప్పుడే ఎక్కించి, కొస ముడివేసి, సూదిని గుడ్డపేలికకు గుచ్చాను. సంచి ఆయన భుజానికి తగిలించి బడికి పోతాను. సాయంత్రం బండి వేళకు కాగితం, కలం పట్టుకుని మళ్ళీ అక్కడే నిలబడతాను. లోపలి గోడ మూడో గదిలో దుప్పటి మడత గట్టిగా ఉందో, మెత్తగా ఉందో ఆయన చెబుతాడు. నేను రాస్తాను.